ఏ కాలానిది

రాచ్‌డేల్ కాలవ గట్టున మాది పాత ఇళ్ళ సామాన్ల అడితి.
కూల్చిన ఇళ్ళు ముక్కలై ఇక్కడికి చేరతాయి.
తలుపులు, పొయ్యిలు, పిడులు, పలకలు.
చీటీలు రాసి కట్టడం నా పని.

క్లెమ్ ఎంట్విసిల్ నాకు నేర్పిన చరిత్ర చాలా పొట్టిది:
తలుపు నెత్తిన విసనకర్రలా అద్దం విచ్చుకుంటే జార్జియన్,
పొయ్యి చుట్టూ ఇనప ద్రాక్షగుత్తులు వేలాడితే విక్టోరియన్,
పలక మీద కలువకాడ మెలిక తిరిగితే ఎడ్వర్డియన్.
అంతే. పొద్దున నేర్చుకుని మధ్యాహ్నానికి అమ్మేయొచ్చు.

జార్జిలు నలుగురు. ఎవరు ఎవరో అడక్కండి,
నలుగురికీ కలిపి ఒకటే అర.
వాళ్ళ తర్వాత విలియం అని ఒకాయన ఏడేళ్ళు ఏలాడట,
పాపం, ఆయన పేర మా దగ్గర ఒక్క గొళ్ళెం కూడా లేదు.
ఎలిజబెతన్ ఏమైనా ఉందా అని ఎవరైనా అడిగితే
క్లెమ్ టోపీ తీసి తల గోక్కుంటాడు.
వెనక గదిలో పురుగు తిన్న పెట్టె ఒకటి ఉంది,
దాని గురించి ఆయన ఒట్టు మాత్రం వెయ్యడు.

చీటీ రాస్తూ రాస్తూ ఒక్కోసారి చెయ్యి ఆగుతుంది.
ఈ ఇత్తడి పిడిని రాణి ఒక్కసారైనా తిప్పి ఎరగదు.
తిప్పినవాళ్ళెవరో, ఎడమచేతివాటం,
అరుగుదలంతా ఒకవైపే ఉంది.

నిన్న బెల్‌షా వీధి నుంచి ఒక గడపరాయి వచ్చింది.
ఇద్దరం ఆపసోపాలు పడి దించేసరికి వాన.
రాయి నడుమ దొన్నెలాంటి గుంట,
అందులో నీళ్ళు నిలిచాయి.

మా అమ్మమ్మ హెట్టీ ఇంటిది కాదది. రెండిళ్ళ అవతలిది.
అయినా నేను పోల్చుకున్నాను.
పాతగుడ్డలు వేస్తే బండివాడు
గాడిద బొమ్మ అచ్చేసిన రుద్దుడురాయి ఇచ్చేవాడు.
శుక్రవారం తెల్లారితే వీధి వీధంతా మోకాళ్ళ మీదే.
తడపడం, రుద్దడం, అంచున మీగడరంగు గీత తీయడం.
గీత వంకరపోయిందా,
ఆ ఇంటావిడ పేరు సోమవారం దాకా నలిగేది.

విక్టోరియా ఉండగా పుట్టింది అమ్మమ్మ.
ఆవిడ పోయిన ఏడు తొలిసారి రాయి పట్టింది, ఏడేళ్ళ పిల్ల.
ఎడ్వర్డు వచ్చి పోయేలోగా మిల్లులో చేరింది.
జార్జి వచ్చాడు. తమ్ముణ్ణి యుద్ధం తీసుకుంది, తిరిగివ్వలేదు.
ఆ వారం కూడా గడప కడిగిందట,
ఏం చేయాలో తోచక, రెండుసార్లు.
ఇంకో ఎడ్వర్డు సరిగ్గా నలభై ఏడు శుక్రవారాలున్నాడు.
నలభై ఏడోది దిగిపోయిన రోజు,
అప్పటికే గడప ఆరిపోయింది.
మళ్ళీ జార్జి. ఆపైన ఎలిజబెత్.
డబ్బుల మీద తలలు మారుతూ వచ్చాయి.
నేను పుట్టాక చూసింది మాత్రం
ఆమె మోకాళ్ళ మీది కాయలు,
బఠాణీల్లా గట్టిగా,
ముట్టుకోనిచ్చేది, నవ్వుతూ.

ఇవాళ చెషైర్ నుంచి ఒకాయన వచ్చాడు.
తోటలో పిట్టలు నీళ్ళు తాగడానికట,
గుంట చూసి ముచ్చటపడ్డాడు.
"ఏ కాలానిది?" అన్నాడు.
వెనక క్లెమ్ దగ్గాడు. ఆ దగ్గు ధర నలభై పౌన్లు.

"వేసింది విక్టోరియా కాలంలో" అన్నాను.
"మరి ఈ గుంట?"
అది ఒక్కరోజున పడింది కాదండీ, అందాక చెప్పి
మాట వెతుక్కుంటుంటే
ఆయన అప్పటికే నోట్లు లెక్కపెడుతున్నాడు.

రసీదు మీద విక్టోరియన్ అనే రాశాను,
క్లెమ్ చూస్తున్నాడు కదా.
చీటీ తిప్పి వెనక పెన్సిలుతో, చిన్నగా,
శుక్రవారం అని రాసి
రాయికి కట్టాను.